రెండు రేకులు అతికించి నీటి ప్రెషర్‌తో పొంగించడం – ఆర్‌ఎక్స్ సైలెన్సర్ కోసం అడుగుతున్నా

రాజాం_షెడ్డు:
అందరికీ నమస్కారం. రాజాంలో నాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రక్కుల రిపేర్లు, ఎక్కువగా ఇదే పని. ఒక కస్టమర్ యమహా ఆర్‌ఎక్స్ 100 తెచ్చి దానికి ఎక్స్‌పాన్షన్ చాంబర్ (మధ్యలో లావుగా ఉండే సైలెన్సర్ గొట్టం) చేసిపెట్టమంటున్నాడు. మామూలుగా అయితే రేకును కోన్లుగా చుట్టి, ఒకదానికొకటి కలిపి వెల్డింగ్ కొట్టేస్తాం. ఆయన ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఒకే ఆకారంలో రెండు రేకులు కోసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచు చుట్టూ వెల్డింగ్ చేసి, కార్ వాష్ మెషిన్ పైపు తగిలించారు. నీళ్లు వెళ్లేసరికి పూరీలా పొంగింది. "నాకు ఇలాగే కావాలి" అని పట్టుబట్టాడు.

ఆర్గాన్ వెల్డింగ్ సెట్టు నాదే ఉంది. కార్ వాష్ మెషిన్ అద్దెకు దొరుకుతుంది. ఎంత గేజి రేకు వాడాలి, ఎంత ప్రెషర్ ఇవ్వాలి, రేకును ఎంత వెడల్పు కోయాలి? తెలిసినవాళ్లు చెప్పండి. పేలిపోతుందేమోనని ఇంట్లో అప్పుడే టెన్షన్ మొదలైంది.

బొబ్బిలి_కుర్రోడు:
వదిన మాట వినండన్నా. వినకపోతే కనీసం వీడియో తీయండి.

పైడిభీమవరం_షిఫ్ట్:
తమ్ముడూ, పేలుడు భయం తీరాలంటే ముందు ఒక్క విషయం చూసుకో. లోపల గాలి ఉండకూడదు. మా ప్లాంటులో పైప్‌లైన్లకు, వెసెల్స్‌కు హైడ్రో టెస్ట్, అంటే నీటి ప్రెషర్‌తో లీకు పరీక్ష చేయడం నా పని. నీళ్లు నింపేటప్పుడు కింది నుంచి ఎక్కిస్తాం, పైన వెంట్ (గాలి పోయే దారి) తెరిచి ఉంచుతాం. వెంట్‌లోంచి బుడగలు ఆగి, నీళ్లు ఒకే ధారగా వచ్చేదాకా మూయం. నువ్వూ అంతే చెయ్. ఒక చివర కింద నిప్పల్ (పైపు తగిలించే చిన్న గొట్టం), రెండో చివర పైన ఇంకో నిప్పల్ పెట్టి, ముక్కను నిలువుగా కట్టు. వీడియోల్లో చాలామంది ఒకటే నిప్పల్ పెట్టి నేల మీద పడుకోబెట్టి కొడతారు. అలా చేస్తే గాలి లోపలే ఉండిపోతుంది.

ఇంకో మాట. కార్ వాష్ మెషిన్ వద్దు. దానికి ఆన్, ఆఫ్ తప్ప మధ్యలో ఏమీ లేదు. నిమిషానికి ఆరేడు లీటర్లు తోస్తుంది. రేకు గుండ్రంగా అయిపోయాక ఇక నీళ్లు పట్టే చోటు ఉండదు కదా, అప్పుడు ఒక్క సెకనులో ప్రెషర్ ఎక్కడికో వెళ్లిపోతుంది. చేత్తో కొట్టే హైడ్రో టెస్ట్ పంపు తెచ్చుకో. దానికి తొట్టె, లివర్, ప్రెషర్ గేజి అన్నీ ఉంటాయి. ఒక్కో కొట్టుకు కొద్దిపాటి నీళ్లే వెళ్తాయి, ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆపుకోవచ్చు. ప్లంబింగ్ కాంట్రాక్టర్లను అడిగితే విజయనగరంలోనే అద్దెకు దొరుకుతుంది.

రాజాం_షెడ్డు:
థాంక్స్ అన్నా. గాలి ఉంటే అంత తేడా వస్తుందా? నీళ్లయినా గాలయినా లోపల ఉండేది అదే ప్రెషరే కదా, చదరపు సెం.మీ.కి 40 కేజీలనుకుందాం.

మెకానికల్_మేష్టారు:
అడగాల్సిన ప్రశ్న అడిగావు నాయనా. నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, కాబట్టి లెక్క చూపించకుండా వదలను.

ప్రెషర్ ఒకటే, నిజమే. లోపల దాగి ఉండే శక్తి వేరు. నీళ్లను నొక్కితే దాదాపు నలగవు. 40 బార్ (బార్ అంటే దాదాపు మీ కేజీయే) ఇచ్చినా వాటి పరిమాణం ఒక శాతంలో ఐదో వంతు కూడా తగ్గదు. నీ చాంబర్‌లో 3 లీటర్లు పడతాయనుకుందాం. 40 బార్ దగ్గర ఆ నీళ్లలో నిలవున్న శక్తి సుమారు 11 జౌళ్లు. ఒక కేజీ బరువు మీటరు ఎత్తు నుంచి కింద పడితే వచ్చేంత. రేకు సాగి దాచుకున్నది కలిపినా పెద్దగా పెరగదు. అదే 3 లీటర్లూ గాలి అయితే దగ్గర దగ్గర 19,500 జౌళ్లు. 50 కేజీల సిమెంటు బస్తాను 40 మీటర్ల ఎత్తు నుంచి వదిలినంత. వెల్డింగ్ కుట్టు విడిపోతే నీళ్లు చిమ్మి ఆగిపోతాయి, గాలి అయితే రేకును ముక్కలుగా విసురుతుంది. కంప్రెసర్ ఉంది కదా అని ఎవరూ గాలితో ప్రయత్నించవద్దు, ఐదు కేజీలకైనా సరే.

కొలతల సంగతి. రెండు రేకుల వెడల్పూ కలిస్తే గుండ్రని గొట్టం చుట్టుకొలత. అంటే వెడల్పును రెండుతో హెచ్చవేసి 3.14తో భాగిస్తే వ్యాసం. తిరగేసి చెప్పాలంటే, కావలసిన వ్యాసాన్ని 1.57తో హెచ్చవేస్తే కోయాల్సిన వెడల్పు. బెల్లీ (మధ్యలో అన్నిటికంటే లావుగా ఉండే భాగం) 90 మి.మీ. కావాలంటే 141 మి.మీ. కోయాలి, వెల్డింగ్ అంచుకు రెండు పక్కలా కొంచెం వదలాలి.

రాజాం_షెడ్డు:
ఇదే కావాలి మేష్టారూ. మరి ప్రెషర్ ఎంత? 20 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు అనుకుంటున్నా.

మెకానికల్_మేష్టారు:
20 గేజి అంటే 0.9 మి.మీ. మామూలు సీఆర్ రేకు చదరపు మి.మీ.కి సుమారు 200 న్యూటన్ల దగ్గర సాగడం మొదలుపెడుతుంది. గొట్టం గోడలో పుట్టే లాగుడు తెలియాలంటే ప్రెషర్‌ను రేడియస్‌తో హెచ్చవేసి, మందంతో భాగించాలి. బెల్లీ రేడియస్ 45 మి.మీ. కాబట్టి అక్కడ రేకు సాగే ప్రెషర్ 4 మెగాపాస్కల్స్, అంటే 40 బార్, మీ షాపు భాషలో 41 కేజీలు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 40 అనేది చేరాల్సిన గమ్యం కాదు, దాటకూడని గీత. చదును రేకు గుండ్రంగా అవడానికి లోహం సాగనక్కర్లేదు, వంగితే చాలు. వంగడానికి అంత ప్రెషర్ పట్టదు. బెల్లీ పది, పదిహేను కేజీల దగ్గరే దాదాపు గుండ్రమైపోతుంది. ఆపైన నువ్వు కొట్టేదంతా చివరి మిల్లీమీటరు సరిచేయడానికే. 40 దాటాక బెల్లీ మధ్యలో ఉబ్బడం మొదలవుతుంది, నువ్వు గీసుకున్న కోన్ లెక్క పోతుంది.

మెడ, అంటే సన్నటి గొట్టం భాగం దగ్గర సంగతి వేరు. అక్కడ రేడియస్ 15 మి.మీ. అనుకో, అదే రేకు సాగాలంటే 120 బార్ కావాలి. వంగడానికీ బెల్లీ కంటే ఎక్కువ ప్రెషరే పడుతుంది. బెల్లీ ఆపాల్సిన చోటికి వచ్చేసరికి మెడ ఇంకా కాస్త కోలగానే ఉంటుంది. కుట్టు దగ్గర కోణం ఎప్పటికీ పూర్తిగా విప్పుకోదు. అందుకని మెడను పొంగించవద్దు. దానికి రెడీమేడ్ పైపు వాడుకుని, కోన్లూ బెల్లీ మాత్రమే నీళ్లతో చెయ్యి.

ఆర్‌ఎక్స్_కోట:
నాకు మాత్రం ఈ పద్ధతి నచ్చదు. రెండు ఆర్‌ఎక్స్‌లు ఉన్నాయి నాకు, 1990ల మోడళ్లు. టూ స్ట్రోక్‌లో చాంబర్ అంటే అలంకారం కాదు. ఎగ్జాస్ట్ పోర్టు తెరవగానే బయలుదేరిన ప్రెషర్ అల డైవర్జింగ్ (వెడల్పయ్యే) కోన్‌లో వెనక్కి లాగుతుంది, వెనక ఉన్న కన్వర్జింగ్ (సన్నబడే) కోన్‌కు కొట్టుకుని తిరిగొస్తుంది. బయటకు జారిపోయిన ఫ్రెష్ పెట్రోల్ మిక్చర్‌ను పోర్టు మూసుకునే ముందు సిలిండర్‌లోకి తోస్తుంది. కోన్ కోణం, పొడవు అటూ ఇటూ అయితే ఏ ఆర్‌పీఎం దగ్గర పవర్ వస్తుందో అదీ మారిపోతుంది. చుట్టి చేసిన కోన్‌లో కొలత నా చేతిలో ఉంటుంది. ఇందులో రేకు ఎటు పొంగితే అటు.

పైగా వెల్డింగ్ అయ్యాక రెండు పక్కలా పొడవునా అంచు మిగిలిపోతుంది. అందం ఎక్కడుంది?

మెకానికల్_మేష్టారు:
అందం గురించి నేను వాదించను. కొలత గురించి మాత్రం ఒప్పుకోను. అంచు గీత తిన్నగా ఉంటే వెడల్పు తిన్నగా తగ్గుతుంది, వెడల్పు తిన్నగా తగ్గితే వ్యాసమూ తిన్నగానే తగ్గుతుంది. కాబట్టి కోన్ కోన్‌గానే వస్తుంది. తేడా వచ్చేది గీత మలుపు తిరిగే చోట, అంటే కోన్ బెల్లీని కలిసే దగ్గర. అక్కడ పదునైన మడత రాదు, నున్నగా కలిసిపోతుంది. 40 లోపు ఆపితే ఆ నున్నదనం వల్ల నీ ఆర్‌పీఎం ఏమీ మారిపోదు.

ఆర్‌ఎక్స్_కోట:
సరే మేష్టారూ, 40 లోపు ఆపితే. ఎంతమంది ఆపుతారు?

మోడరేటర్:
చిన్న మాట. సైలెన్సర్ మార్చి సౌండ్ పెంచితే మోటారు వాహనాల చట్టం కింద చలానా రాస్తారు, బండి సైలెన్సర్ ఊడబీకుతారు కూడా. చివర్లో గ్లాస్ ఊల్ నింపిన మఫ్లర్ పెట్టాల్సిందే. సౌండ్ గొడవలు ఈ థ్రెడ్‌లో వద్దు.

జేఎన్‌టీయూ_ఫైనలియర్:
సార్, మా మాన్యుఫాక్చరింగ్ సిలబస్‌లో హైడ్రోఫార్మింగ్ ఉంది. అందులో వందల, వేల బార్ అని చదివాం. 1997 షెవ్రొలె కార్వెట్ ఫ్రేమ్‌కు అటూ ఇటూ ఉండే పొడుగు రెయిళ్లు కూడా ఇలాగే గొట్టంలో నీటి ప్రెషర్‌తో చేశారట. మీరేమో 40 అంటున్నారు. ఎక్కడ తేడా?

మెకానికల్_మేష్టారు:
వాళ్ల గొట్టం డైలో, అంటే ఉక్కు అచ్చులో ఉంటుంది. డై మూలల్లోకి లోహం వెళ్లి కూర్చోవాలి. ఇందాకటి లెక్కే మళ్లీ వెయ్యి, ఈసారి రేడియస్ అంటే మూల రేడియస్. మూల 3 మి.మీ., రేకు 1 మి.మీ., సాగుతూ సాగుతూ గట్టిపడిన లోహానికి 300 న్యూటన్లు వేసుకో. 100 మెగాపాస్కల్స్ వస్తుంది, అంటే 1000 బార్. మూల ఎంత పదునైతే ప్రెషర్ అంత పెరుగుతుంది. పైగా గొట్టం రెండు చివర్లనూ సిలిండర్లతో లోపలికి తోస్తుంటారు. లేకపోతే ఉబ్బే చోట లోహం పలచబడి చిరుగుతుంది.

రెండో గొడవ, డైని మూసి పట్టుకోవడం. 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు ట్రే ఒకటి 100 కేజీల ప్రెషర్‌తో చేయాలనుకో. 600 చదరపు సెం.మీ.ను 100తో హెచ్చవెయ్యి. 60 టన్నులు. ఆ బలంతో డై పై ప్లేటు లేచిపోవాలని చూస్తుంటే ఆపాలి. 1000 బార్ అయితే 600 టన్నుల ప్రెస్సు కావాలి. రాజాం అబ్బాయి పనిలో ఆ బలాన్ని వెల్డింగ్ కుట్టే మోస్తోంది, డై లేదు, మూలల్లేవు. అందుకే షెడ్డులో అయ్యే పని.

విమాన భాగాలకు రబ్బరు పొర వెనక ఆయిల్ ప్రెషర్ పెట్టి రేకును ఒకే ఒక్క డై మీదకు ఒత్తుతారు. రెండో డై ఖర్చు తప్పుతుంది, రేకు మీద గీతలు పడవు. తక్కువ సంఖ్యలో చేసే భాగాలకు అది లాభం. మనకు ఆ చర్చ అనవసరం.

బొబ్బిలి_కుర్రోడు:
60 టన్నులంటే నాలుగు లారీల లోడు. జాక్కీ పెట్టి ఆపేద్దాం అనుకున్నా.

కాశీబుగ్గ_జీడి:
థ్రెడ్ చూసి ఆశ పుట్టింది. మాకు జీడిపప్పు ఫ్యాక్టరీల మెషిన్ల పని. పలుకులు జారే దారిలో స్టెయిన్‌లెస్ స్టీల్ వంపు గొట్టాలు చేస్తాం. లోపల వెల్డింగ్ గరుకు ఉంటే గుడ్డు పలుకు (విరగని నిండు పలుకు) విరిగిపోతుంది, ముక్కకు గుడ్డు రేటు రాదు కదా. వంపు ఆకారంలోనే రెండు రేకులు కోసి పొంగిస్తే లోపల నున్నగా వస్తుందా?

పైడిభీమవరం_షిఫ్ట్:
వంపు దగ్గర ముడతలు పడతాయి బావా. రెండు గుండ్రటి రేకులు అతికించి పొంగించి చూడు, అంచంతా కుచ్చిళ్లు వస్తాయి. పొంగేకొద్దీ అంచు లోపలికి జరుగుతుంది, జరిగితే చుట్టుకొలత తగ్గాలి, తగ్గలేని రేకు ముడత పడుతుంది. వంపు గొట్టం బయటి అంచులోనూ అదే జరుగుతుంది. లోపలి అంచులోనేమో కుట్టు లాగబడుతుంది, చిరిగితే అక్కడే చిరుగుతుంది. నీకు నున్నదనం ముఖ్యం కాబట్టి ఇది పనికిరాదు.

ఫార్మా, డెయిరీ లైన్లలో వాడే 304 స్టెయిన్‌లెస్ బెండులు లోపల పాలిష్ చేసినవి రెడీగా దొరుకుతాయి. వైజాగ్‌లో పైపు ఫిట్టింగుల షాపుల్లో అడుగు. అవి కొనుక్కుంటే పనీ తగ్గుతుంది, డబ్బూ తగ్గుతుంది.

కాశీబుగ్గ_జీడి:
నా ఉత్సాహం మీద భలే నీళ్లు చల్లావు. సరే, బెండులే చూస్తా.

రాజాం_షెడ్డు:
మరి నా చాంబర్‌కీ వంపు ఉంది. ఇంజిన్ కింద నుంచి వెనక్కి తిరగాలి.

ఆర్‌ఎక్స్_కోట:
తిన్నగా చేసి, పొంగించాక ఏటవాలుగా కోసి, ఒక ముక్కను సగం చుట్టు (180 డిగ్రీలు) తిప్పి మళ్లీ అతికించు. కోత ఎంత ఏటవాలుగా ఉంటే, తిప్పాక వంపు దానికి రెట్టింపు వస్తుంది. పది డిగ్రీలు కోస్తే ఇరవై డిగ్రీల వంపు. గుండ్రంగా వచ్చిన చోటే కొయ్యి. చూశావా, ఈ పద్ధతి నచ్చదంటూనే సలహా ఇస్తున్నా.

సరవకోట_కొలిమి:
మాది బుడితి దగ్గర. ఇంట్లో పెద్దవాళ్లంతా ఇత్తడి, కంచు సామాన్ల పని చేసినవాళ్లే. నీళ్లతో పొంగించడం నాకు తెలీదు గానీ రేకు స్వభావం తెలుసు. సుత్తితో కొట్టేకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది. ఇంకా కొడితే అంచు పగులుతుంది. అందుకని మధ్యమధ్యలో కొలిమిలో పెట్టి ఎర్రబడేదాకా కాల్చి, చల్లారాక మళ్లీ కొడతారు. మేష్టారు "సాగుతూ గట్టిపడటం" అంటున్నది ఇదే కదా. ఇనప రేకును కూడా మధ్యలో ఆపి, కాల్చి మెత్తబరిస్తే ఇంకా పొంగుతుందా?

మెకానికల్_మేష్టారు:
పొంగుతుంది. నువ్వన్నది అక్షరాలా సరి. కాకపోతే రాజాం అబ్బాయి పనిలో లోహం సాగేది తక్కువ, వంగేదే ఎక్కువ, కాబట్టి కాల్చే అవసరం రాదు. స్టెయిన్‌లెస్ వాడినవాళ్లకు నీ మాట బాగా పనికొస్తుంది. 304 చాలా సాగుతుంది కానీ సాగేకొద్దీ మామూలు ఇనుము కంటే బాగా బిరుసెక్కుతుంది. కాల్చాలనుకుంటే ముందు నీళ్లు పూర్తిగా తీసేసి, రెండు నిప్పళ్లూ తెరిచి ఉంచాలి.

రాజాం_షెడ్డు:
రేకు గురించి ఇంకో అనుమానం. షాపులో సీఆర్ అని ఒకటి, డీప్ డ్రా అని ఒకటి చెప్తున్నారు. రేటు తేడా ఉంది. వైజాగ్ స్టీల్ ప్లాంటు రేకు అయితే మంచిదని ఒకాయన అంటున్నాడు.

పైడిభీమవరం_షిఫ్ట్:
ఆయన్ని నమ్మకు. వైజాగ్ స్టీల్ ప్లాంటులో రేకు చేయరు. రాడ్లు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, చానళ్లు, అవీ అక్కడి సరుకు. పక్కనే ప్లాంటు ఉన్నా మనకు షీటు బయట నుంచి రావాల్సిందే.

డీప్ డ్రాయింగ్ రకం తీసుకో. మెత్తగా ఉంటుంది, వెల్డింగ్ పక్కన చిరగదు. జీఐ (జింకు పూత ఉన్న) షీటు మాత్రం వద్దే వద్దు. వెల్డింగ్‌లో జింకు పొగ ఊపిరికి మంచిది కాదు, కుట్టులో బుడగలు వస్తాయి. ఆ బుడగలే తర్వాత సూది రంధ్రాలవుతాయి.

సూది రంధ్రం అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ప్రెషర్‌లో ఉండగా కారుతున్న చోట చెయ్యి పెట్టి చూడొద్దు. సన్నని ధార చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, లోపల కండ పాడైపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, ధార దూరిందని డాక్టరుకు చెప్పాలి. లీకు కనిపిస్తే ముందు ప్రెషర్ దించు, తర్వాతే ముట్టుకో. గేజి సున్నా చూపించినా వెంట్ తిప్పి నమ్మకం చేసుకో. కుట్టుకు ఎదురుగా నిలబడకు, రేకు పొంగే ముఖం వైపు ఉండు.

రాజాం_షెడ్డు:
హ్యాండ్ పంపు దొరికింది. అసలు దానికి వెళ్లేముందు బెత్తెడు వెడల్పు, మూరెడు పొడవు చిన్న ముక్కతో చూశాను. 12 కేజీల దగ్గరే చక్కగా గుండ్రమైంది. 25 దగ్గర ఒక మూలన కుట్టులోంచి నీళ్లు చిమ్మాయి. వెల్డింగ్ మొదలుపెట్టిన చోటూ ముగించిన చోటూ కలిసే దగ్గర. టాకాలు (అక్కడక్కడ చుక్క వెల్డింగ్) వేసి, ఫిల్లర్ వైరు వాడకుండా అంచులే కరిగించి కలిపాను. ఎలా సరిచేయాలి?

సరవకోట_కొలిమి:
మూలలో మొదలుపెట్టకు అన్నా. తిన్నగా ఉన్న చోట మొదలుపెట్టి, ముగించేటప్పుడు మొదటి కుట్టు మీదకు వేలెడు పొడవు ఎక్కించు. మూలలు కూడా గుండ్రంగా కొయ్యి, లాగుడంతా అక్కడే పోగవుతుంది.

ఆర్‌ఎక్స్_కోట:
చివర్లో టార్చ్ టక్కున తీసేస్తే గుంట పడుతుంది, ఆ గుంటలోనే పగులు వస్తుంది. కరెంటు తగ్గించుకుంటూ బయటకు లాగు. లీకైన చోట గ్రైండింగ్ చేసి మళ్లీ వెయ్యి.

పైడిభీమవరం_షిఫ్ట్:
గ్రైండింగ్ సరే, వెల్డింగ్ ముందు ఒకటి చూసుకో. లోపల నీళ్లు మిగిలి, రెండు నిప్పళ్లూ మూసి ఉండగా టార్చ్ పెడితే ఆవిరి పుట్టి ప్రెషర్ ఎక్కుతుంది. ఇందాక మేష్టారు గాలికి చెప్పిన ప్రమాదమే మళ్లీ వస్తుంది. రెండూ తెరిచి, వంచి నీళ్లు దించి, ఎండలో పెట్టి ఆరాక వెయ్యి. పని పూర్తయ్యాక లోపల కాస్త ఆయిల్ తిప్పు, లేకపోతే బండికి బిగించేలోపే తుప్పు పడుతుంది. బండి స్టార్ట్ చేశాక ఆ ఆయిల్ కాసేపు పొగ వస్తుంది, కస్టమర్‌కు ముందే చెప్పు.

రాజాం_షెడ్డు:
అలాగే అన్నా. పెద్ద ముక్క డీప్ డ్రా షీటులో కోయించాను, బెల్లీ దగ్గర 141కి రెండు పక్కలా 3 మి.మీ. చొప్పున వదిలి. మెడకు పైపు వేరే తెచ్చాను. 30 దగ్గర ఆపుతాను. ఫొటోలు ఈ థ్రెడ్‌లోనే పెడతా.

బొబ్బిలి_కుర్రోడు:
వదిన ఏమన్నారు?

రాజాం_షెడ్డు:
పంపు లివర్ తనే కొట్టి చూసింది. ఇప్పుడు రెండో ముక్క ఎప్పుడని అడుగుతోంది.